సంగటి పెట్టడానికి నామోషీ ఎందుకు?

సంపాదకులకు నమస్కారం.

మాది మదనపల్లె, ఉండేది బెంగళూరు మారతహళ్లిలో. మా అపార్ట్‌మెంట్‌లో తెలుగువాళ్లు పెరూ నుంచి వచ్చే కినోవా గింజలను గొప్పగా వండుకుంటారు. చుట్టాలొస్తే రాగి సంగటి పెట్టడానికి మాత్రం నామోషీ! 100 గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంది. అయినా ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరమన్నాకే కొందరు రాగులవైపు చూశారు. ఇది నాకు బాధ.

అన్నీ మనమే కనిపెట్టామనే వాదనా నాకు నచ్చదు. రాగుల పుట్టిల్లు తూర్పు ఆఫ్రికా. ఊరిమిండి పచ్చడిలో నూరే మిరపకాయ అమెరికా ఖండాల నుంచి పోర్చుగీసువాళ్లు తెచ్చింది. వేడి ముద్దలో గుంట చేసి, నెయ్యి పోసి, ఊరిమిండి నంజుకునే తీరు మాత్రం అచ్చంగా మనది. వచ్చే సంక్రాంతి విందులో సంగటి కూడా పెట్టాలని మా అసోసియేషన్‌ను కోరుతున్నాను.

– ఒక గృహిణి, బెంగళూరు