గిన్నె ఖాళీ అయిందని నమ్మకు

ఒరేయ్ శీనూ,

జవాబు ఆలస్యమైంది, తిట్టుకోకు. ఇక్కడ అందరం బాగున్నాం. అమ్మ మోకాలినొప్పి తగ్గుముఖం పట్టింది, పాప పరీక్షలు అయిపోయాయి. మిగతా కబుర్లు తర్వాత. సంక్రాంతికి భీమవరం వెళ్తూ మీ పిల్లులు గుండుగాడినీ చింతపిక్కనీ ఎనిమిది రోజులు ఫ్లాట్‌లో ఉంచి, రెండు బేసిన్ల నిండా మేత పోసి, వాచ్‌మన్ రోజు విడిచి రోజు తొంగిచూస్తే చాలని రాశావు చూడు, అది చదివినప్పట్నుంచీ నా మనసు మనసులో లేదు.

ఇంట్లోనే ఉంచడం మంచి ఆలోచనే, అందులో పేచీ లేదు. పిల్లికి చోటు మారితే బెంగ. డబ్బు తీసుకుని పెంపుడు జంతువుల్ని ఉంచుకునే బోర్డింగ్‌లో పక్కనే కుక్కలు మొరుగుతుంటే తిండి ముట్టకుండా మూల నక్కి కూచునేవి బోలెడు. కానీ ఆ బేసిన్ల ఏర్పాటు వద్దురా.

బేసిన్ ఖాళీ అయితే ఇద్దరూ తిన్నట్టు కాదు. ఒకడే ఇద్దరిదీ లాగించి ఉండొచ్చు, చీమలు పట్టుకుపోయి ఉండొచ్చు. గుండుగాడి లాంటి లావుపాటి పిల్లి తిండి మానేస్తే ఒంట్లో కొవ్వు వచ్చి కాలేయంలో పేరుకుపోతుంది. దానికి రెండు మూడు రోజులు చాలు. ఆ తర్వాత ఆకలే పుట్టదు, గొట్టం వేసి తినిపించాల్సి వస్తుంది. అందుకని ఇద్దరికీ వేరే గదుల్లో, వేరే గిన్నెల్లో, కొలిచి పెట్టించు. నాలుగు కిలోల పిల్లికి రోజుకి 50-60 గ్రాముల పొడిమేత, రెండు పూటలుగా. బ్యాగు మీది లెక్క కూడా చూసుకో. ఎవరు ఎంత వదిలేశారో ఆ వచ్చే మనిషి రాసి పెట్టాలి. ఒక రోజంతా ఎవరైనా ముట్టకపోతే నీకు ఫోన్ రావాలి. ఆటోమేటిక్ ఫీడర్ కొంటానన్నావు, కొను, బ్యాటరీ ఉన్నదే కొను, లేనిదైతే కరెంటు పోగానే ఆగిపోతుంది. అయినా ఎవరు తిన్నారో అది చెప్పదు కదా!

అంతకన్నా ముఖ్యం లిట్టర్ ట్రే, అదే, పిల్లులు ఒకటికీ రెంటికీ వెళ్లే ఇసుక పళ్లెం. ఇద్దరికి మూడు ట్రేలు పెట్టు, రెండు మూడంగుళాల మందాన ఇసుక పోసి ఉంచు, తడి తగిలితే గడ్డకట్టే రకం. ఎత్తిపారేసే ముందు ప్రతిపూటా ఫొటో తీసి పంపమను. ఉచ్చ ఉండలు ఎన్ని, ఎంత సైజు అన్నదే మనకి కావలసింది. మగపిల్లికి మూత్రనాళం సన్నం, మూసుకుపోయే ప్రమాదం ఎక్కువ. అప్పుడు వాడు ట్రేలోకి వెళ్తాడు, వీపు వంచి కూచుంటాడు, ముక్కుతాడు, దిగుతాడు, కింద నాక్కుంటాడు, మళ్లీ ఎక్కుతాడు. ఇసుకలో చూస్తే రెండు చుక్కలు, లేదా అదీ లేదు. తెలియనివాళ్లు మలబద్ధకం అనుకుని ఊరుకుంటారు. ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోతుందిరా. పొద్దున కనిపిస్తే సాయంత్రం దాకా ఆగకూడదు. మీ వాచ్‌మన్ రోజు విడిచి రోజు వస్తే ఇది ఎలా తెలుస్తుంది? ఇది తలుచుకుంటేనే నాకు...

సరే. మనిషి సంగతి. రోజుకి రెండుసార్లు, ఒక్కో పూట అరగంట. పండక్కి హైదరాబాద్ సగం ఊళ్లకి పోతుంది, పనమ్మాయీ వాచ్‌మనూ కూడా. ఇప్పుడే ఒకరిని ఖాయం చేసుకుని, వాళ్లు రాలేకపోతే వచ్చేందుకు ఇంకొకర్ని చూసుకో. మీ పైఫ్లోర్ అమ్మాయి దొరికితే మరీ మంచిది. వెళ్లే ముందు రెండుసార్లు పిలిచి, మీ ఎదుటే మేత పెట్టించు. తాళంచెవులు ఇద్దరి దగ్గరా ఉండాలి, మాస్టారి గోడ దూకుడు మళ్లీ వద్దు!

చింతపిక్క కొత్తవాళ్లని చూస్తే మంచం కింద దూరుతుంది. లాగొద్దని చెప్పు. నేల మీద కూచుని, టార్చి వేసి, మామూలుగా ఉందో లేదో చూస్తే చాలు. చూడకుండా మాత్రం తాళం వేయకూడదు, రోజూ రెండు తోకలూ కంటపడాలి. గదుల తలుపులకి అడ్డం పెట్టి వెళ్లు. గాలికి తలుపు పడితే ట్రే అవతల, పిల్లి ఇవతల.

పాలు పొయ్యొద్దని గట్టిగా చెప్పు, పెద్దపిల్లుల్లో చాలావాటికి అరగవు, విరేచనాలే. నేల ఫినాయిల్‌తో తుడిపించకు. దాని మీద నడిచి పాదాలు నాక్కుంటాయి, పిల్లి కాలేయానికి ఆ విషాన్ని విరిచే శక్తి తక్కువ. బీరువాలో కలరా ఉండలూ తీసెయ్. ఒళ్లు వెచ్చగా ఉందని ఎవరైనా పారాసెటమాల్ ముక్క వేస్తే చచ్చిపోతుంది, ఆ మాట కాగితం మీద పెద్దక్షరాలతో రాసి ఫ్రిజ్‌కి అంటించు.

పండగ రోజులు కాబట్టి ఇంకోటి: దారం. గాలిపటాలు తెగి బాల్కనీలో పడతాయి, పిల్లులు మాంజా నమిలి మింగేస్తాయి. పేగులు ముడతలు పడి కోసుకుపోతాయి. నోట్లోంచో వెనకనుంచో దారం వేలాడుతుంటే లాగకూడదు, కత్తిరించనూ కూడదు, అలాగే డాక్టరు దగ్గరికి. భోగి, పండగ, కనుమ మూడు రోజులూ తెరిచి ఉండే ఆసుపత్రి ఏదో ముందే ఫోన్ చేసి కనుక్కో. నువ్వు అందుబాటులో లేకపోయినా వైద్యం మొదలుపెట్టమని, ఫలానా మొత్తం దాకా ఖర్చుకి ఒప్పుకుంటున్నానని సంతకం పెట్టి ఇవ్వు. పిల్లుల్ని తీసుకెళ్లే బుట్ట అటక మీద కాదు, హాల్లో మూత తీసి ఉంచు, ఇప్పట్నుంచే, లోపల నీ పాత లుంగీ వేసి. అప్పుడు దాన్ని చూసి పారిపోవు.

మేత పది రోజులకి సరిపడా కొను. నీ ఎనిమిది రోజులు ఎన్ని రోజులో అరకులో చూశాంగా! చెల్లెమ్మని అడిగానని చెప్పు. ఆ బాల్కనీ వల కింద మూల ఊడిందన్నావు, అది బిగించావా లేదా? అక్కడ ప్లాస్టిక్ ట్యాగులు ఆగవు, ఎండకి పెళుసెక్కి తెగుతాయి, స్టీలు వైరుతో...

కొరియర్ కుర్రాడు కింద హారన్ కొడుతున్నాడు. వాడికే ఇచ్చేస్తున్నా. రాత్రికి ఫోన్ చెయ్యి, వల సంగతి చెప్తాను.

నీ
గోపి