పాఠానికీ ఒక పరీక్ష పెట్టండి

సంపాదకుడు గారికి నమస్కారం. అమలాపురం దగ్గర ఓ లంక ఊళ్లో ఏడో తరగతికి లెక్కలు చెప్తాను. త్రిభుజ వైశాల్యం మీద పాఠం రాసుకుని, క్లాసులో చెప్పేముందు ఒకమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని చదివిస్తే, ఎత్తు కొలవమన్నచోట స్కేలు తీసుకెళ్లి ఏటవాలు భుజం మీద పెట్టింది. ఎందుకమ్మా అంటే, "వంగిన కొబ్బరిచెట్టయినా చెట్టు వెంబడే కదండీ ఎక్కేది" అంది. లోపం నా పాఠంలోనే ఉంది. ఆ వంగిన చెట్టునే బొమ్మ వేసి, కాయ రాలితే నేలకి నిలువుగా ఎంత దూరమో అదే ఎత్తు అని మార్చాను.

ఇలా పాఠాన్ని ముందే పిల్లల దగ్గర పరీక్షించి దిద్దుకోవడాన్నే ఫార్మేటివ్ ఎవాల్యుయేషన్ అంటారు, 1967లో మైకేల్ స్క్రివెన్ అనే మూల్యాంకన నిపుణుడు పెట్టిన పేరు. మన బళ్లలో ఎఫ్ఏ (ఫార్మేటివ్ అసెస్‌మెంట్) పరీక్షలు పిల్లల్ని కొలుస్తాయి, ఇది పాఠాన్ని కొలుస్తుంది. ముందు ఒక్కొక్కరితో, తర్వాత చిన్న గుంపుతో, ఆపైన అసలు క్లాసులో. ఎవరితో, ఎప్పుడు, ఏం గమనించాలో పాఠం రాసేరోజే ప్లాన్ వేసుకోవాలి, పాఠాన్ని వీడియోగా తీశాక ఎవరు మారుస్తారండీ?

పాఠాలు తయారుచేసేవాళ్లు అచ్చుకిచ్చేముందు మా లంకల బళ్లకి ఓ రెండు రోజులు రండి, చదువులో వెనకబడిన పిల్లల పక్కనే కూర్చోండి.

– ఓ లెక్కల మాస్టారు, కోనసీమ