బాత్రూమ్ సెట్లు ఇక అమ్మం, ఎందుకంటే...

మా కస్టమర్లకు నమస్కారం. "మొత్తం బాత్రూమ్ ఒకే ధరకి" అనే సెట్లు ఈ నెల నుంచి మా షాపులో ఉండవు. కమోడ్, బేసిన్, పంపులు, షవర్, అద్దం, క్యాబినెట్ అన్నీ కలిపి ఒకే బిల్లు వేయడం మాకు తేలిక, మార్జినూ ఎక్కువే. కానీ సెట్ ధర తగ్గాలంటే ఎక్కడో కోత పడాలి కదా. ఆ కోత కంటికి కనిపించే కమోడ్ మీద పడదు. గోడలోకి పోయే డైవర్టర్ (నీటిని షవర్‌కో పంపుకో మళ్లించే భాగం) మీద, బేసిన్ కింద దాగే కనెక్షన్ పైపుల మీద, క్యాబినెట్ లోపలి చెక్క మీద పడుతుంది. ఇకనుంచి ఏ వస్తువు ధర దానిదే. విడివిడిగా కొంటే మొత్తం సెట్ కంటే కాస్త ఎక్కువ కావచ్చు. అందుకే ఎక్కడ తగ్గించుకోవచ్చో కూడా మేమే చెబుతున్నాం.

స్పానర్‌తో విప్పి మార్చుకోగలిగినది చవకది కొన్నా ఫరవాలేదు. టైల్ పగలగొడితే తప్ప చేతికి రానిదాని దగ్గర మాత్రం బేరం వద్దు.

అలాంటివాటిలో మొదటిది షవర్ డైవర్టర్. గోడలో ఉండే బాడీ ఇత్తడిదై ఉండాలి. దాని కార్ట్రిడ్జ్ (లోపల నీటిని తెరిచి మూసే భాగం) విడిగా దొరుకుతుందో లేదో కొనేముందే అడగండి. బయటి ప్లేటు, హ్యాండిల్ తర్వాత కొందామనుకుంటే అదే మోడల్‌వి రాసిపెట్టుకోండి, వేరే కంపెనీవి దానికి పట్టవు. బాడీ మీద గోడ లోతుకి కనిష్ఠం, గరిష్ఠం అని గుర్తులుంటాయి. టైల్, దాని కింది సిమెంట్ మందం కూడా కలుపుకుని ఆ రెండు గుర్తుల మధ్య వచ్చేలా బిగించాలి. లోతు ఎక్కువైతే హ్యాండిల్ అందదు, ఎక్స్‌టెన్షన్ వెతుక్కోవాలి. తక్కువైతే ప్లేటు గోడకి ఆనదు. టైల్స్ వేయకముందే లైనుకి ప్రెషర్ టెస్ట్ చేయించండి. ఆ తర్వాత బయటపడే లీకు ఖర్చు డైవర్టర్ ధరని మించిపోతుంది.

పంపుల సంగతి. చాలామంది చేత్తో తూచి బరువుంటే ఇత్తడి అనుకుంటారు. జింక్ బాడీ ఇత్తడి కంటే ఐదో వంతు తేలికే, కానీ పంపు బాడీని మందంగా పోస్తే ఆ తేడా చేతికి తెలియదు. నీళ్లు లోపలికి వెళ్లే రంధ్రంలోకి తొంగిచూడండి. పసుపుపచ్చగా ఉంటే ఇత్తడి, బూడిదరంగులో ఉంటే జింక్. జింక్ పంపు పూత ఒక్కచోట పోయినా లోపల తినేస్తూ పోతుంది, బిగించేటప్పుడు మరలు విరుగుతాయి. హ్యాండిల్ మాత్రం జింక్‌దైనా నష్టం లేదు, దాని లోపల నీళ్లు పారవు. స్టీలు పంపు దగ్గర అయస్కాంతం పెట్టి చూసి మురిసిపోకండి. 304 రకం, అంతకంటే చవకైన 202 రకం రెండూ దాదాపుగా అయస్కాంతానికి అంటవు.

రంగుల్లో చవకా మన్నికా రెండూ ఉన్నది మామూలు క్రోమ్. నలుపు, బంగారు రంగుల్లో తక్కువ ధరకొచ్చేవి చాలావరకు పైన రంగు వేసినవే, గీతలు పడితే కింది లోహం బయటికొస్తుంది. క్రోమ్‌ని కూడా యాసిడ్‌తో తోమితే ఎంత ఖరీదైనదైనా నిలవదు. ఉప్పునీళ్ల మరకలకి వెనిగర్‌లో తడిపిన గుడ్డ కాసేపు చుట్టి, తర్వాత మంచినీళ్లతో కడిగితే చాలు. ధార సన్నబడితే పంపునే మార్చేయకండి, మూతి దగ్గరున్న జాలీ విప్పి కడగండి.

వెడల్పాటి రెయిన్ షవర్ అడిగేవాళ్లకి మా ప్రశ్న ఒక్కటే: మేడ మీది నీళ్ల ట్యాంకు షవర్ కంటే ఎంత ఎత్తున ఉంది? పది మీటర్ల ఎత్తుకి సుమారు ఒక బార్ ప్రెషర్ వస్తుంది. మూడు మీటర్లే ఉంటే 0.3 బార్. దాంతో ఎనిమిది అంగుళాల షవర్ పెడితే నడినెత్తిన చుక్కలు రాలతాయి, అంతే. ప్రెషర్ పెంచే మోటారు పెట్టే ఉద్దేశం లేకపోతే నాలుగు అంగుళాలది తీసుకోండి. ఖర్చు తగ్గుతుంది, స్నానమూ బాగుంటుంది.

కమోడ్‌లో డబ్బు మిగుల్చుకోవచ్చు. ఫ్లష్ ట్యాంకు విడిగా ఉండే టూ-పీస్ చవక, పైగా ట్యాంకు పగిలితే ట్యాంకొక్కటే మార్చుకోవచ్చు. పింగాణీ నాణ్యత చూడాలంటే అడుగున మెరుపు పూత లేనిచోట ఒక నీటిచుక్క వేయండి. వెంటనే ఇంకిపోతే వద్దు. బాగా కాలిన పింగాణీ అర శాతానికి మించి నీరు పీల్చదు. పీల్చేది కొన్నాళ్లకి ఉబ్బి, పై పూత మీద వెంట్రుకల్లాంటి పగుళ్లు వస్తాయి. సమంగా ఉన్న నేల మీద పెట్టి ఊపి చూడండి, కదిలిందంటే వైట్ సిమెంట్ దాన్ని ఎన్నాళ్లో కాపాడదు. కొలత తప్పడం వల్లే ఎక్కువ కమోడ్లు వెనక్కి వస్తాయి. ఎస్-ట్రాప్ (మురుగు నేలలోకి పోయే రకం) అయితే గోడ నుంచి నేలలోని పైపు మధ్యకి దూరం కావాలి. పి-ట్రాప్ (గోడలోకి పోయే రకం) అయితే నేల నుంచి గోడలోని పైపు మధ్యకి ఎత్తు. రెండూ టైల్ వేసిన తర్వాతి కొలతలే. టైల్స్ ఇంకా వేయకపోతే వాటి మందం, సిమెంట్ మందం లెక్క వేసి చెప్పండి.

బేసిన్ విషయంలో ఫ్యాషన్ ఖర్చు పెంచుతోంది. కౌంటర్ మీద గిన్నెలా కూర్చునే బేసిన్ కొంటే పొడవాటి పంపు కొనాలి, అది మామూలు పంపు కంటే ఖరీదు. కౌంటర్ ఎత్తు కూడా మారాలి. బేసిన్ అంచు నేల నుంచి 80-85 సెంటీమీటర్లలో ఉంటే పెద్దవాళ్లకి సౌకర్యం. గిన్నె ఎత్తు 14 సెంటీమీటర్లయితే కౌంటర్ 70 దగ్గర ఆగాలి. మేస్త్రీ అలవాటుగా 85కి కట్టేస్తే పిల్లలకి అందదు. పంపు రంధ్రం ఉన్న మామూలు బేసిన్, పొట్టి పంపు తీసుకుంటే ఈ గొడవే లేదు. వేస్ట్ కప్లింగ్ (బేసిన్ అడుగు రంధ్రంలో బిగించే గొట్టం) మాత్రం చూసి కొనండి. బేసిన్‌కి పైన పొర్లునీటి రంధ్రం ఉంటే కప్లింగ్ పక్కన చీలిక ఉండాలి, లేకపోతే ఉండకూడదు. తారుమారైతే ఒకదాంట్లో పొర్లునీరు దిగదు, ఇంకోదాంట్లో క్యాబినెట్‌లోకి కారుతుంది.

ఇక క్యాబినెట్. చెక్కపొట్టు, చెక్కపీచు జిగురుతో నొక్కి చేసే పార్టికల్ బోర్డు, మామూలు ఎండీఎఫ్ తలుపులు పైకి ఎంత నున్నగా ఉన్నా, వెనక పైపుల కోసం కోసిన రంధ్రం దగ్గరే కథ ముగుస్తుంది. అక్కడి పచ్చి అంచు నీరు పీల్చి ఉబ్బుతుంది. ఉన్నది అదే అయితే ఆ అంచులన్నిటికీ సిలికాన్ పూయించండి, నేలకి కనీసం 20 సెంటీమీటర్ల ఎత్తున గోడకి వేలాడదీయండి. పీవీసీ బోర్డు నీటికి ఉబ్బదు కానీ స్క్రూని గట్టిగా పట్టదు. రాతి పలక పెట్టాలనుకుంటే దాని బరువు గోడకి బిగించిన బ్రాకెట్ల మీద ఉండాలి, బోర్డు మీద కాదు. అన్నిటికంటే నమ్మకమైనది బి.డబ్ల్యు.పి. (మరిగే నీటినీ తట్టుకునే) ప్లైవుడ్, కాకపోతే ఖరీదు. డబ్బు చాలకపోతే తలుపుల్లేని షెల్ఫు చాలు. గాలి ఆడుతుంది, లీకు కూడా వెంటనే కనిపిస్తుంది.

కనెక్షన్ పైపులు స్టీలు అల్లికవి, నట్లు ఇత్తడివి తీసుకోండి. రబ్బరు వాషర్ ఉన్న చివర టెఫ్లాన్ టేపు చుట్టక్కర్లేదు. చేత్తో బిగించాక స్పానర్‌తో పావు నుంచి అర చుట్టు చాలు, అంతకు మించితే వాషర్ నలిగి కారుతుంది.

డిస్‌ప్లేలో ఉన్న కమోడ్లు, బేసిన్లు, అద్దాలు ధర తగ్గించి అమ్మేస్తున్నాం. పెచ్చు లేచిన పింగాణీ, అంచు నల్లబడిన అద్దం తీసుకోవద్దు. మేమే పక్కన పెట్టాం గానీ మీరూ ఒకసారి చూసుకోండి. పాత స్టాకు పైపులు, వాషర్లు మాత్రం ఏ ధరకీ ఇవ్వం, రబ్బరు గట్టిపడిపోయి ఉంటుంది.

సెట్లకి అడ్వాన్సు కట్టినవాళ్లు అదే సెట్ కావాలంటే మాట ప్రకారం ఇస్తాం. విడివిడిగా మార్చుకోవాలంటే కట్టిన మొత్తం కొత్త బిల్లులో తగ్గిస్తాం. వచ్చేటప్పుడు ట్రాప్ కొలత, నీళ్ల ట్యాంకు ఎత్తు రాసుకుని, బేసిన్ వచ్చే గోడ ఫోటో ఒకటి తెచ్చుకోండి.