కాలనీ సంక్షేమ సంఘం వార్షిక నివేదిక: ఆదివారం రీడింగ్, రైటింగ్ క్లాసు

సభ్యులందరికీ నమస్కారం. ఈసారి మంచినీళ్లు, డ్రైనేజీ, వీధి దీపాల సంగతి రెండు ముక్కల్లో ముగించి, కమ్యూనిటీ హాల్లో ఆదివారాలు నడిచిన ఐఈఎల్‌టీఎస్ (బయటి దేశాల్లో చదువుకి అడిగే ఇంగ్లిష్ పరీక్ష) క్లాసు గురించి వివరంగా రాస్తున్నాను. పైపులైను రిపేరు అయింది, మలుపు దగ్గర లైట్లు వెలుగుతున్నాయి, వినాయక చవితి, బతుకమ్మ ఎప్పటిలాగే అందరూ కలిసి బాగా జరిపారు. జమా ఖర్చులు నోటీసు బోర్డులో ఉన్నాయి, ఏ సందేహమున్నా సర్వసభ్య సమావేశంలో అడగండి.

ఇక క్లాసు. మన కాలనీలో బీటెక్ పూర్తయిన పిల్లలు, ఫైనల్ ఇయర్‌లో ఉన్నవాళ్లు చాలామంది మాస్టర్స్‌కి బయటి దేశాలకు వెళ్లాలనుకుంటున్నారు. దిల్‌సుఖ్‌నగర్, అమీర్‌పేట కోచింగులకు డబ్బు కట్టి వెళ్లొచ్చినవాళ్లు కూడా లిజనింగ్, స్పీకింగ్ ఎలాగో గట్టెక్కి, రీడింగ్, రైటింగ్ దగ్గర ఆగిపోతున్నారు. మొత్తం బ్యాండ్ (9కి ఇచ్చే స్కోరు) 6.5 ఉండాలి, ఏ విభాగంలోనూ 6కి తగ్గకూడదు అని అడిగే యూనివర్సిటీలు చాలానే ఉన్నాయి కాబట్టి, రైటింగ్‌లో 5.5 వస్తే మిగతా మూడింట్లో ఎంత తెచ్చుకున్నా అప్లికేషన్ అక్కడే ఆగిపోతుంది. పరీక్ష ఫీజు 15,000 రూపాయల పైమాటే, ప్రతి ఇంట్లోనూ రెండోసారి, మూడోసారి కట్టగలిగే పరిస్థితి ఉండదు. అందుకే ఆ రెండు విభాగాలకే పరిమితమై క్లాసు పెట్టాం. మన కాలనీలోనే ఉంటున్న రిటైర్డ్ ఇంగ్లిష్ టీచర్ మేడమ్ ఒక్క రూపాయి తీసుకోకుండా చెప్పారు, ఆవిడకి సంఘం తరఫున మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు.

రీడింగ్ అంటే 60 నిమిషాలు, మూడు పాసేజీలు, 40 ప్రశ్నలు. జవాబులు దించుకోవడానికి విడిగా సమయం ఇవ్వరు. తప్పు జవాబుకి మార్కు కొయ్యరు కాబట్టి ఒక్కటి కూడా ఖాళీగా వదలకూడదు, కానీ స్పెల్లింగ్ తప్పినా, రెండు పదాలు దాటొద్దన్నచోట మూడు రాసినా ఆ మార్కు పోతుంది. యూనివర్సిటీ చదువుల కోసం రాసే అకడమిక్ పరీక్షలో 40కి 23 వస్తే ఇంచుమించు బ్యాండ్ 6, 30 వస్తే 7. ఇవన్నీ పిల్లలకి ముందే తెలుసు. వాళ్లని దెబ్బతీసింది 'ట్రూ, ఫాల్స్, నాట్ గివెన్' ప్రశ్నలు. మేడమ్ సొంతంగా ఒక చిన్న పాసేజీ రాసి ఇచ్చారు, అందులో ఒక నగరంలో చెరువుల సంఖ్య తగ్గిందని మాత్రమే ఉంది, ప్రశ్నలో 'అపార్టుమెంట్ల వల్ల చెరువులు తగ్గాయి' అని ఇస్తే హాల్లో చాలామంది 'ట్రూ' పెట్టేశారు. హైదరాబాద్‌లో పెరిగిన పిల్లలు ఇంకేం పెడతారు! కానీ పాసేజీలో కారణం చెప్పలేదు కాబట్టి జవాబు 'నాట్ గివెన్'. మనకు తెలిసింది పక్కనపెట్టి, కాగితం మీద ఉన్నదే చదవడం ఒక అలవాటు, అది నెలల తరబడి రోజూ కాస్త చదివితేనే వస్తుంది. అందుకే హాల్లో ఇంగ్లిష్ పేపర్ వేయించాం, రోజుకి ఒక వ్యాసం చదివి దాని సారాంశం రెండు వాక్యాల్లో రాయడం అందరికీ తప్పనిసరి చేశాం.

రైటింగ్ దగ్గరే అసలు శ్రమంతా. గంటలో రెండు టాస్కులు, మొదటిది గ్రాఫ్ లాంటిది చూసి వివరించడం, కనీసం 150 పదాలు, రెండోది వ్యాసం, కనీసం 250. రెండో టాస్కుకి మొదటిదానికంటే రెట్టింపు విలువ, అయినా మన పిల్లలు మొదటి గ్రాఫ్ మీదే అరగంట పైగా గడిపి, అసలు వ్యాసాన్ని సగంలో వదిలేస్తున్నారు. 20 నిమిషాలు కాగానే మొదటిది ఆపి తీరాలని మేడమ్ టైమర్ పెట్టి మరీ అలవాటు చేయించారు.

ఒక కోచింగ్ సెంటర్ పిల్లలకి టెంప్లేట్లు ఇచ్చి పంపింది. ఏ టాపిక్ వచ్చినా 'ఇన్ దిస్ మోడర్న్ ఎరా' అని మొదలుపెట్టి, మధ్యలో ఖాళీలు నింపితే చాలని చెప్పారట. ఇది పిల్లలకి చేస్తున్న అన్యాయమని నేను గట్టిగా నమ్ముతున్నాను. దిద్దేవాళ్లు అడిగిన ప్రశ్నకి జవాబు ఇచ్చారా, ఆలోచన ఒక వరుసలో ఉందా, పదాలు సరిగ్గా వాడారా, వ్యాకరణం ఎలా ఉంది అనే నాలుగూ చూస్తారు, బట్టీ పట్టిన వాక్యాలని గుర్తుపట్టడానికి వాళ్లకి శిక్షణ ఉంటుంది. పైగా టెంప్లేట్ మీద ఆధారపడ్డ పిల్లలకి ప్రశ్న కొంచెం తిరగబడి వస్తే చాలు, టెన్షన్‌తో చేతులు ఆడవు. మా క్లాసులో టెంప్లేట్లు పక్కన పెట్టించి, ముందు తెలుగులోనే 'నీ అభిప్రాయం ఏంటి, ఎందుకు, ఒక ఉదాహరణ చెప్పు' అని మాట్లాడించి, తర్వాత దాన్ని చిన్న చిన్న ఇంగ్లిష్ వాక్యాల్లో రాయించాం. తెలుగులో ఆర్టికల్స్ లేవు కాబట్టి 'ది', 'ఎ' ఎగిరిపోవడం, ఒకే వాక్యంలో నాలుగు సంగతులు చెప్పబోయి క్రియ ఎటో పోవడం దాదాపు అందరిలోనూ కనిపించాయి. ఎవరి తప్పులు వాళ్ల నోట్‌బుక్ వెనక పేజీలో రాసుకుని, మళ్లీ వారం వ్యాసం ఇచ్చేముందు అవే వెతుక్కోవాలని నియమం పెట్టాం. అన్నిటికంటే బాగా పనిచేసింది ఇదే.

మొదటి టాస్కులో అప్పుడప్పుడు ఒక ప్రాంతం అప్పుడెలా ఉంది, ఇప్పుడెలా ఉంది అని మ్యాపులు ఇస్తారు. దానికోసం పెద్దవాళ్లని కూర్చోబెట్టి పాత కాలనీ పటం గీయించాం. ఏ ప్లాటు ఖాళీగా ఉండేది, బావి ఎక్కడుండేది, రోడ్డు ఎటు తిరిగేది అని వాళ్లు చెబుతుంటే పిల్లలు రాసుకున్నారు. ఆ రోజు తాతయ్యలు, అమ్మమ్మలు మధ్యాహ్నం దాకా ఇళ్లకి వెళ్లలేదు.

పుస్తకాల ఖర్చు పెద్దగా కాలేదు. ఆబిడ్స్ ఆదివారం మార్కెట్‌లో, కోఠిలో పాత ప్రాక్టీస్ పుస్తకాలు కొన్నాం, జవాబులు పెన్సిల్‌తో ముందే రాసి ఉన్న పేజీలను పిల్లలే కూర్చుని చెరిపేశారు. ఇంట్లో కూర్చుని చదివే చోటు లేనివాళ్లు చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీకి గుంపుగా వెళ్లొచ్చారు. కంప్యూటర్ పరీక్షలో పదాల లెక్క స్క్రీన్ మీదే కనిపిస్తుంది కానీ టైపింగ్ రాకపోతే ఆ సదుపాయం ఉన్నా లాభం లేదు, కాబట్టి మీ ఇళ్లలో వాడని కీబోర్డులు, పాత ల్యాప్‌టాప్‌లు ఉంటే హాల్లో ఇవ్వండి.

పరీక్ష రాసినవాళ్లలో కొందరికి కావాల్సిన బ్యాండ్ వచ్చింది, కొందరికి రైటింగ్ ఒక్కటే ఆగింది. వాళ్ల తల్లిదండ్రులకి ఒక మాట. కంప్యూటర్ పరీక్ష రాసినవాళ్లు 60 రోజుల్లోపు ఒక్క విభాగం మాత్రమే మళ్లీ రాసే వీలుంది, మొత్తం పరీక్ష మళ్లీ కట్టేముందు ఆ సంగతి కనుక్కోండి. స్కోరు రెండేళ్లు చెల్లుతుంది, కాబట్టి ఫైనల్ ఇయర్‌లోనే తొందరపడి రాయించాల్సిన అవసరం అందరికీ ఉండదు.

వచ్చే ఏడాది పెద్ద ఇబ్బంది ఒక్కటే, వ్యాసాలు దిద్దేవాళ్లు సరిపోవడం లేదు. మేడమ్ ఒక్కరే రాత్రి పొద్దుపోయేదాకా దిద్దుతున్నారు, ఆవిడ ఆరోగ్యం కూడా చూసుకోవాలి కదా. బ్యాంకుల్లో, ఆఫీసుల్లో పనిచేసి రిటైరైన అంకుల్స్, ఆంటీలు, ఇప్పుడు ఉద్యోగాలు చేస్తున్న అన్నలు, అక్కలు, వారానికి రెండు వ్యాసాలు చదివి తప్పుల కింద గీత గీసినా చాలు, ఎలా దిద్దాలో మేడమ్ ఒక పూట కూర్చుని చూపిస్తారు. వీలున్నవాళ్లు హాల్లో పెట్టిన పుస్తకంలో ఫ్లాట్ నంబర్ రాసి వెళ్లండి, సంక్రాంతి సెలవులు అయ్యాక వచ్చే మొదటి ఆదివారం కొత్త బ్యాచ్ మొదలుపెడతాం.

కార్యదర్శి, కాలనీ సంక్షేమ సంఘం