పట్టా నాదే, కింద నీళ్లు ఎవరివి?

సంపాదకులకు,

'నా పట్టా భూమిలో నేను బోరు వేసుకోవడానికి ఆఫీసు పర్మిషన్ ఎందుకు? ఇదేం స్వాతంత్ర్యం?' అంటూ ఒక రైతు సోదరుడు రాసిన లేఖ ఈమధ్య మీ పేజీలో చదివాను. ఆయన కోపం అర్థం చేసుకోదగ్గదే. అయితే నేను అనంతపురం జిల్లాలో లైన్‌మన్‌గా పనిచేసి రిటైరైనవాణ్ణి. వ్యవసాయ మోటార్ల లైన్ల కిందే నా సర్వీసంతా గడిచింది. కాబట్టి గట్టుకు రెండు వైపులా చూసినవాడిగా నాలుగు మాటలు చెప్పాలి.

చట్టం విషయంలో ఆయన మాట పూర్తిగా తప్పేం కాదు. 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం ప్రకారం తన హద్దుల్లో భూమి కింద ఉన్న నీళ్లు తోడుకునే హక్కు భూమి యజమానికి ఉంది. కానీ అప్పుడున్నవి కపిల బావులు. ఎద్దులు అలిసిపోతే తోడడం ఆగిపోయేది. మనిషికి ఎంత ఆశ ఉన్నా ఆ బావిలో ఎద్దుల శక్తికి మించి తోడలేడు. ఇప్పుడు 800 అడుగుల లోతు నుంచి లాగే సబ్‌మెర్సిబుల్ మోటారుకు కూడా అదే హక్కు కావాలంటున్నాం. అందుకే 2002లో వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం తెచ్చారు. బోర్లను, వాటిని తవ్వే రిగ్గులను రిజిస్టర్ చేయాలి, ఊరి తాగునీటి బోరుకు 250 మీటర్ల లోపు కొత్తది వేయకూడదు, ఇలాంటివన్నీ అందులో ఉన్నాయి. అమలు మాత్రం నీరసం. తమిళనాడులోని తిరుచెంగోడు వైపు నుంచి వచ్చిన రిగ్గు లారీ పొద్దుపోయాక చేల్లోకి దిగుతుంది, తెల్లారేసరికి ఊళ్లో ఉండదు. కాగితం గురించి అడిగే నాథుడు ఉండడు.

మా ఊళ్లో జరిగిందే చెబుతాను. ఒక రైతుకు కాపు మీదున్న చీనీ (బత్తాయి) తోట ఉంది. పక్క చేని ఆయన కూడా చీనీ పెట్టాలనుకుని, గట్టుకు దగ్గరగా ఇంకా లోతుకు బోరు వేశాడు. అరచేతిలో టెంకాయ నిలబెట్టి మరీ పాయింటు చూపించుకున్నాడు. నీళ్లు పడ్డాయి, కోడిని కోశాడు. ఆ వేసవిలోనే ఇవతలి బోరు గాలి కక్కింది. మొదటాయన అప్పు చేసి ట్యాంకర్లతో చెట్లు తడిపాడు, మళ్లీ అప్పు చేసి పక్కాయన కంటే లోతుకు దించాడు. ఇప్పుడు రెండూ సరిగ్గా పోయడం లేదు. చిన్నప్పుడు ఒకే బడిలో చదువుకున్న ఆ ఇద్దరూ ఇప్పుడు పెళ్లిళ్లలో ఎదురుపడినా మాట్లాడుకోరు.

ఇందులో దుర్మార్గుడు ఎవరూ లేరు. మా నేల కింద ఉన్నది గట్టి రాయి. నీళ్లుండేది పైనున్న మెత్తటి పొరలోనూ, రాతి పగుళ్లలోనూ. ఒకే పగులు మీద రెండు బోర్లు పడితే ఒకటి రెండోదాని నోటి దగ్గరది లాక్కుంటుంది. సర్వే రాళ్లు పైన పాతుతారు గానీ పగులుకు హద్దు రాళ్లు ఉండవు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లాలో ఆ పగుళ్లు మళ్లీ నిండడం ఎంత కష్టమో వేరే చెప్పాలా?

ఆటో స్టార్టర్ల సంగతి కూడా ఇలాంటిదే, ఇది నా డిపార్టుమెంటు విషయం. అది పెట్టుకుంటే కరెంటు వచ్చినప్పుడల్లా మోటారు దానంతట అదే ఆన్ అవుతుంది. చీకట్లో పాముల మధ్య చేనికి పోయే బాధ తప్పుతుంది. రైతును తప్పు పట్టలేం. కానీ ఒక ట్రాన్స్‌ఫార్మర్ కింద మోటార్లన్నీ ఒకే క్షణంలో స్టార్టయితే ఫ్యూజులు ఎగిరిపోతాయి, లేదంటే ట్రాన్స్‌ఫార్మరే కాలిపోతుంది. బాగుచేసి తెచ్చేదాకా అందరి పైర్లూ ఎండాల్సిందే. పైగా చేలు నిండినా నీళ్లు పోతూనే ఉంటాయి. 2004లో ఉచిత కరెంటు వచ్చాక బిల్లు భయం కూడా లేకపోయింది. (ఉచిత కరెంటు తీసేయమని నేను అనడం లేదు. అది లేకుంటే మా జిల్లాలో సేద్యమే లేదు.) ఆటో స్టార్టర్ తీసేసి, లైన్ మీద భారం తగ్గించే కెపాసిటర్ పెట్టుకోమని చేను చేనుకూ తిరిగి చెప్పేవాళ్లం. 'నేనొక్కణ్ణి తీసేస్తే ఏమొస్తాది అన్నా, పక్కోడు తీస్తాడా?' అనేవాళ్లు. నా దగ్గర జవాబు ఉండేది కాదు, ఎందుకంటే పక్కోడూ అదే మాట అనేవాడు. తెలంగాణలో 2018 జనవరి నుంచి 24 గంటల కరెంటు ఇచ్చేముందు ఆటో స్టార్టర్లు తీయించడానికి ప్రభుత్వమే దిగాల్సి వచ్చింది.

డ్రిప్ పెడితే అన్నీ సర్దుకుంటాయని కొందరు అంటారు. డ్రిప్ మంచిదే. అయితే మిగిలిన నీళ్లతో ఇంకో రెండెకరాలు పెడుతున్నాం, భూమిలో మిగిల్చేది ఏముంది?

అలాగని కొత్త బోర్లు బంద్ చేస్తే చాలనే అధికారుల మాటా నాకు నచ్చదు. ముందు వేసుకున్నవాడు రాజు అవుతాడు, వాన మీద చెనక్కాయ (వేరుశనగ) వేసుకునే పేదరైతు శాశ్వతంగా అలాగే మిగిలిపోతాడు. అతని కింద కూడా ఆ నీళ్లే ఉన్నాయి కదా. నాకు సబబుగా తోచింది ఒకటే: బోరున్నవాళ్లు, లేనివాళ్లు కలిసి గుంపుగా ఏర్పడాలి. లేనివాడు కొత్త బోరు వేయనని ఒప్పుకోవాలి. ఉన్నవాడు, వాన ముఖం చాటేసినప్పుడు పక్క చేనికి ఒక్క తడి ఇస్తానని ఒప్పుకోవాలి. పైపులైన్ ఖర్చు ప్రభుత్వం పెట్టుకోవాలి. చెనక్కాయకు కాయ కట్టే ఊడ నేలలోకి దిగేటప్పుడు ఒక తడి దొరికితే పంట నిలబడుతుందని మా జిల్లాలో పిల్లలకు కూడా తెలుసు. మా జిల్లాలోనే కొన్ని ఊళ్లలో స్వచ్ఛంద సంస్థల సాయంతో ఇది చేసి చూశారు. మహారాష్ట్రలోని హివ్రే బజార్‌లో అయితే ఏటా ఊరంతా కూర్చుని, పడిన వాన లెక్క చూసి, ఏ పంట ఎంత వేయాలో తేల్చుకుంటారు. సేద్యానికి బోర్లు వద్దనుకున్నారు, చెరకు వద్దనుకున్నారు. వాళ్లకు మాత్రం సొంత పొలాలు లేవా?

లేఖ రాసిన సోదరుడి బాధలో ఒక భాగం నేనూ ఒప్పుకుంటాను. పర్మిషన్ పేరుతో ఆఫీసుల చుట్టూ తిప్పడం అన్యాయం. అందుకే ఆ కాగితం మీద మొదటి సంతకాలు గట్టుకు చుట్టూ ఉన్న రైతులవి కావాలంటాను. గ్రామసభలో అందరి ఎదుట అడిగి, ఎంత లోతు, ఏ పంటకు అనేది రాసుకున్నాకే తహసీల్దారు దగ్గరకు పోవాలి. రిగ్గు లారీ చేల్లోకి దిగేముందు పంచాయతీలో ఎంట్రీ వేయించుకోవాలి. మా ఊరి సర్పంచికి ఈ రెండూ రాసి ఇచ్చాను. వచ్చే గ్రామసభలో పెడతానన్నారు. ఇలాంటి కట్టుబాటు పెట్టుకుని నడుపుతున్న ఊరు మన రాయలసీమలో ఉంటే, అక్కడి రైతులు మీ పత్రికకు రాయాలని కోరుతున్నాను. ముఖ్యంగా మాట తప్పినవాణ్ణి ఏం చేస్తున్నారో రాయాలి. మా ఊళ్లో అందరూ అడుగుతున్నది అదే.

— ఒక రిటైర్డ్ లైన్‌మన్, అనంతపురం జిల్లా