కోరింగ మడ అడవుల లెక్క కవ్వాల్‌లో మొదలవుతుంది

సంపాదకులకు నమస్కారం.

అభయారణ్యాల వార్తలు ఎక్కువగా పులుల సంఖ్య చుట్టూనో, పర్యాటకుల సంఖ్య చుట్టూనో తిరుగుతుంటాయి. వాన నీటిని పట్టి ఉంచడం, మట్టి కొట్టుకుపోకుండా ఆపడం, చేప పిల్లలకు చోటివ్వడం, ఉప్పెన జోరును తగ్గించడం వంటి పనులను, అంటే శాస్త్రజ్ఞులు జీవావరణ సేవలనే వాటిని, లెక్కగట్టి చెప్పేవారు అరుదు. గోదావరి పరీవాహకంలో ఈ సేవలు ఎలా మారుతున్నాయో తెలియాలంటే అక్కడి అభయారణ్యాలను ఒకే నది వరుసలో చూడాలి.

మా కాకినాడ పక్కనున్న కోరింగ అభయారణ్యం 1978లో ఏర్పడింది. విస్తీర్ణం 235 చదరపు కిలోమీటర్లు. గౌతమి పాయ తెచ్చే మంచినీరు, ఒండ్రుమట్టి అందినంత కాలమే అక్కడి మడచెట్లు నిలుస్తాయి. కాకినాడ తీరానికి అడ్డుగా ఉన్న హోప్ ఐలాండ్ సైతం గోదావరి తెచ్చిన మేటతో ఏర్పడిన ఇసుక దిబ్బే. 1839 ఉప్పెనలో కోరింగ రేవు నాశనమైన సంగతి ఈ ప్రాంతంవారికి కొత్తగా చెప్పనక్కరలేదు. ఇప్పుడు ఒండ్రులో చాలా భాగం ఎగువ జలాశయాల్లోనే ఆగిపోతోంది. రబీకి కాలువల్లోకి మళ్లించాక ధవళేశ్వరం బ్యారేజీ దిగువకు వచ్చే నీరు బహు స్వల్పం. ఆ కాలువ నీటితో పండిన అన్నమే నేనూ తింటున్నాను కనుక రైతును తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. కానీ పులస ధర ఏటా వార్తవుతుంటే, ఆ చేప ఎదురీదడానికి ఏట్లో ఎంత నీరుండాలన్నది చర్చకే రావడం లేదు.

ఎగువన తెలంగాణలో, 2012లో పులుల అభయారణ్యమైన కవ్వాల్ అడవుల నీరు కడెం వాగు ద్వారా గోదావరిలో కలుస్తుంది. 2022 జులైలో కడెం ప్రాజెక్టును వణికించిన వానను ఏ అడవీ పూర్తిగా ఆపలేదు. అయినా అడవి పలచబడితే వరద మరింత వేగంగా దిగుతుంది, కొట్టుకొచ్చిన మట్టి జలాశయాన్ని పూడుస్తుంది, కోరింగకు మాత్రం ఆ మట్టి చేరదు.

2008లో జాతీయ పార్కుగా ప్రకటించిన పాపికొండల అడవిలో కొంత భాగం పోలవరం ముంపులో పోతుంది. దానికి బదులు మరోచోట నాటే చెట్లు హెక్టార్లలో సరితూగవచ్చు గాని, నిటారు వాలు మీద మట్టిని పట్టి ఉంచే పని, కొండరెడ్లకు వెదురునిచ్చే పని ఆ చెట్లు అక్కడి నుంచి చేయలేవు.

రెండు రాష్ట్రాల మధ్య నీటి విషయాలు చూడడానికి గోదావరి నదీ యాజమాన్య బోర్డు ఉంది. అటవీ, జలవనరుల, మత్స్య శాఖలు దానితో కలిసి ధవళేశ్వరం దాటిన ఒండ్రు, వేసవిలో వదిలిన నీరు, మడ అడవుల విస్తీర్ణం, తీర గ్రామాల్లో వలకు పడిన చేపలు, ఎగువ అడవుల స్థితి ఒకే నివేదికలో ఏటా ప్రకటించాలి. ముందుగా, వచ్చే రబీకి కాలువల కేటాయింపులు ఖరారయ్యేలోగా కోరింగకు కనీసం ఎంత నీరు వదులుతారో అంకెల్లో చెప్పాలని సంబంధిత శాఖలను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, కాకినాడ