సలేశ్వరం తొవ్వల మా దోస్తును మోసినోళ్లకు

ముందుగాల అసలు సంగతి. మావోడు మంచిగున్నడు. సోమవారం నుంచి దుకాణం కూడ తెరిచిండు. ఆ రోజు ఆ బండల మీద మాతోని ఉన్నోళ్లు ఎవరన్న ఇది చదివితే, అన్నిటికంటె ముందు వాళ్లకు ఇది తెల్వాలె.

ఈ చైత్ర పున్నమికి పాలమూరు నుంచి మేం ఐదుగురం సలేశ్వరం లింగమయ్య జాతరకు పోయినం. పదో తరగతి దాంక కలిసి చదివినోళ్లం. నల్లమలల ఆ తొవ్వ ఏడాదికి మూడు నుంచి ఐదు రోజులే తెరుస్తరు గనక, ఒకరికి కుదిరితే ఇంకొకరికి కుదరక ఏండ్లు గడిచిపోయినయి. జడ్చర్ల, కల్వకుర్తి మీదుగ మన్ననూరు, ఫరహాబాద్ గేటు దాటి రాంపూర్ పెంట దాంక బండి. పెంట అంటే చెంచుల గూడెం. ఆడికెళ్లి నాలుగైదు కిలోమీటర్లు కాలినడక.

"వత్తున్నం వత్తున్నం లింగమయ్యా" అనుకుంట జనంతోని దిగినం. లోయ అడుగుకు చేరితే ఎండాకాలమన్న సంగతే యాదికుండదు. రెండు దిక్కుల నిలువు కొండలు, పైనుంచి పడే నీళ్లు మీద పడితే దవడలు కొట్టుకుంటయి. చెంచు పూజారులు లింగమయ్యకు పూజ చేస్తుంటే గంటన్నర ఆడనే కూసున్నం. ఆ సల్లదనానికి దూప తెల్వలె. బాటిళ్లల్ల ఎన్ని నీళ్లున్నయో ఎవ్వరం చూసుకోలె. ఒంటిగంటకు ఎక్కుడు మొదలుపెట్టినం, అదే మేం చేసిన తప్పు.

సగం ఎక్కినంక మావోనికి పిక్కలు పట్టుకున్నయి. కూసుంటనన్నడు, వాంతి చేసుకున్నడు, అట్లనే బండ మీద ఒరిగిపోయిండు. పిలిస్తే పలుకలేదు. ఫోనుల్ల సిగ్నల్ లేదు. నేను బాటిల్ మూత తీసి వాని నోట్ల నీళ్లు పొయ్యబోయిన.

అప్పుడు ఒక పెద్దమ్మ నా చెయ్యి గట్టిగ పట్టుకున్నది. చెంచుల పెద్దమ్మ, మనవరాలిని ఎంటబెట్టుకొని దిగుతున్నది. "సోయి లేనోనికి నీళ్లు పోత్తే ఊపిరికి అడ్డం పడ్తయి బిడ్డా" అన్నది. నా చేతుల బాటిల్ తీసుకొని పక్కన పెట్టింది. మూగిన జనాన్ని ఎనక్కి జరగమన్నది, గాలాడనియ్యుమన్నది. మావోన్ని నీడకు గుంజిపిచ్చి ఒక పక్కకు తిప్పి పండబెట్టిచ్చింది, అంగీ గుండీలు ఇప్పింది. మూటల నుంచి తన చీర తీసి తడిపి మెడ మీద, సంకలల్ల అద్దింది. చీర ఎండిపోంగనే మళ్ల తడుపుడు. అది పండుగకు కట్టుకుందామని తెచ్చుకున్న చీర అని మనవరాలు చెప్తే తెలిసింది. మావోడు కండ్లు తెరిచినంక కూడ ఒక్కసారే తాపనియ్యలె, గుటక గుటకనే. రాత్రి దవాఖాన్ల డాక్టరు, పెద్దమ్మ నా చెయ్యి పట్టుకున్న సంగతి విని, "ఆమె ఆపకపోతే నీళ్లు ఊపిరితిత్తులకు పోతుండె" అన్నడు. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు సరిగ్గ నిద్ర పడ్తలేదు.

అన్నదానం చేసే నలుగురు పిలగాండ్లు ఓఆర్ఎస్ ప్యాకెట్లు పట్టుకొని ఉరికొచ్చిండ్రు. లీటరు నీళ్లల్ల ఒక ప్యాకెట్ కలిపి కొంచెం కొంచెం తాపిచ్చిండ్రు. చెమటతోని నీళ్లొక్కటే కాదు ఉప్పు కూడ పోతదని, పొద్దటి నుంచి ఉత్త నీళ్లే తాగినందుకు పిక్కలు పట్టినయని చెప్పింది వాళ్లే. ఆ నలుగురు పిలగాండ్లే తమ పందిరికి కట్టిన రెండు వెదురు గడెలు ఇప్పి, దుప్పటి ముడేసి డోలీ కట్టిండ్రు. మావోడు ఎనభై కిలోల మనిషి. ఒక్కొక్క తాన ఒక్క మనిషే పట్టే తొవ్వ, కాళ్ల కింద కాలుతున్న బండలు, వాళ్లల్ల ఇద్దరికి చెప్పులు లేవు. మేం భుజం పడ్తమంటే, "మీరు కూడ వడదెబ్బ తిన్నట్టే ఉన్నరు అన్నా, నడువుండ్రి సాలు" అన్నరు.

ఇంకొక పిలగాడు ముందట ఉరుక్కుంట "తొవ్వ ఇడువుండ్రి, మనిషికి పానం బాగలేదు" అని ఒర్రుతుంటే, అంత జనం బండలకు ఆనుకొని నిలబడ్డరు. అప్పటిదాంక మోగిన లింగమయ్య పేరు ఆగిపోయింది. డోలీ పోతుంటే ఆడోళ్లు కొంగులతోని ఇసిరిండ్రు. ఎవరో ముసలాయన తన చెంబుల నీళ్లన్ని మావోని నెత్తి మీద పోసిండు. తనకు తాగనీకి ఉంచుకున్న నీళ్లు అవి.

పైన జీపుల కుటుంబం ఎక్కి కూసున్నది, చిన్న పిల్లలున్నరు. డోలీని చూడంగనే వాళ్లే దిగిపోయిండ్రు, అడుగకముందే. డ్రైవరన్న పైసలు ముట్టలె. ఫారెస్టోళ్లు తమ వైర్‌లెస్ సెట్ల మన్ననూరుకు చెప్పిండ్రు, మేం పోయే వరకు 108 వచ్చి నిలబడ్డది. అచ్చంపేట సర్కారు దవాఖాన్ల ఆ రాత్రి సెలైన్లు ఎక్కించిండ్రు. సిస్టరమ్మ తెల్లారేదాంక గంటకోసారి వచ్చి చూసిపోయింది.

ఇంతమందిల ఒక్కరి పేరు కూడ మేం అడుగలె. ఆ గాబరాల అది యాదికే రాలె. పెద్దమ్మది అప్పాపూరా, భౌరాపూరా, మేడిమల్కలనా, తెల్వది. 2,611 చదరపు కిలోమీటర్ల అమ్రాబాద్ పులుల అడవి, జాతర అయిపోయినంక ఆ తొవ్వ మూసేసిండ్రు, ఊకె లోపటికి పోనియ్యరు. పేరు లేకుంట ఆమెను యాడ వెతకాలె? అందుకే ఈడ రాస్తున్న.

పెద్దమ్మ చీర మాతోనే వచ్చేసింది. ఎర్రంచు పసుపుపచ్చ నూలు చీర. మావోని భార్య ఉతికి మడతపెట్టి దేవుని అర్రల పెట్టింది. దాంతోని ఇంకో కొత్త చీర, మనవరాలికి గౌను తీసుకున్నది.

మే నెల రెండో ఆదివారం పొద్దుగాల పది గంటల నుంచి పొద్దుగూకేదాంక మన్ననూరు బస్టాండు కాడ మేం ఐదుగురం ఉంటం. వెదురు గడెలు మోసిన తమ్ముళ్లు, డ్రైవరన్న, జీపు దిగిన కుటుంబం, ఎవరు వచ్చినా మాకు పండుగనే. పెంటల దిక్కు పోయేటోళ్లు, ఐకేపీ అక్కలు, బడి సార్లు, మీకు ఆ పెద్దమ్మ ఎరికైతే జర చెప్పుండ్రి: చీర భద్రంగ ఉన్నది, పిలగాడు మంచిగున్నడు, నీ చేతికి ఇయ్యనీకి వాడే వస్తుండు.